ముసలమ్మ కథను ఇంటి ముందు కళ్లంలో తోలుబొమ్మలాటగా ఆడాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సంక్రాంతికి మీ కుటుంబమంతా అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం పక్కన మీ పెద్దల ఊర్లో కలుస్తున్నారు. ఇంటి ముందు కళ్లం ఉంది, పిల్లలు పది పన్నెండు మంది ఉన్నారు, చెరువుకట్ట ముసలమ్మ కథను రాత్రిపూట ఆరుబయట తోలుబొమ్మలాటలా ఆడాలని మీ కోరిక. బొమ్మలు కొనాలా చేసుకోవాలా, తెర, దీపం ఎలా అమర్చాలి, చివర్లో ఒక ఆడకూతురు ప్రాణమిచ్చే కథను చిన్నపిల్లల ముందు ఎలా ఆడాలి, రెండు నెలల్లో ఇదంతా అవుతుందా అని అడిగారు.

అవుతుంది, హాయిగా అవుతుంది. నేను చాలా ఏళ్లుగా బడిపిల్లలతో, వేసవి శిబిరాల్లో తెర మీద బొమ్మలాటలు ఆడిస్తున్నాను. తోలుబొమ్మలు చేసి ఆడించే నిమ్మలకుంట ఊరి కళాకారుల దగ్గర కూర్చుని చూసి, అడిగి నేర్చుకున్నదే నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. ఇలాంటి ప్రయత్నం చేసేవాళ్లలో చాలామంది బొమ్మలతో మొదలుపెడతారు. నెలంతా కత్తిరించడం, రంగులు వేయడంతో సరిపోతుంది, ఆట ఇంకా మూడు రోజుల్లో ఉందనగా మాటలు ఎవరు చెప్పాలి అని టెన్షన్ పడతారు. మీరు దీన్ని తిప్పేయండి. మొదట కథ, తర్వాత గొంతులు, ఆ తర్వాతే బొమ్మలు. తోలుబొమ్మలాట చూసే ఆట అనుకుంటాం గానీ, రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టేది పాట, పద్యం, మాట. బొమ్మకు ఉన్నది ఒక్క ముఖమే, అది నవ్వదు, ఏడవదు. దాన్ని నవ్వించేదీ ఏడిపించేదీ తెర వెనక ఉన్న మనిషి గొంతే. నిమ్మలకుంటలో ఒక పెద్దాయన సీత బొమ్మను అసలు కదపకుండా నిలబెట్టి, గొంతు ఒక్కటే మార్చి, ముందు కూర్చున్నవాళ్ల చేత కళ్లు తుడిపించడం నేను చూశాను.

రెండో సంగతి, మీది కుటుంబ ఆట కాబట్టి ఈ కళ మీకు అచ్చంగా సరిపోతుంది. తోలుబొమ్మలాట మొదటినుంచీ కుటుంబాల చేతిలోనే ఉంది. ఆడిస్తూ పాడేది ఇంటి పెద్ద, ఆడపాత్రలకు గొంతు ఇచ్చేది భార్య, కోడళ్లు, మద్దెల కొడుకుది, తాళాలు పిల్లలవి. వీధినాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లు వేసే రోజుల్లోనే ఇక్కడ ఆడవాళ్లు తమ పాత్రలకు తామే పాడేవాళ్లు. రాయలసీమలో ఈ కళాకారుల్లో చాలామంది ఇళ్లల్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడుకుంటారు, తెర వెనక్కి వెళ్తే మాత్రం రంగనాథ రామాయణం ద్విపదలు అలవోకగా వస్తాయి. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తెర మరుగున బొమ్మలాడించేవాళ్ల గురించి చెప్పాడంటే ఈ ఆట ఎంత పాతదో చూడండి. అందుకే పాత్రలను పిల్లలకే వదిలేయకుండా ఇంట్లో అందరికీ పంచండి. మీ అమ్మమ్మకో నాయనమ్మకో తప్పకుండా ఒక గొంతు ఇవ్వండి. పిల్లలు బొమ్మలు ఆడిస్తే పెద్దవాళ్లు మాట్లాడొచ్చు. నా అనుభవంలో అదే మేలు, ఎనిమిదేళ్ల పిల్లకు చెయ్యీ మాటా రెండూ ఒకేసారి కుదరవు.

ఇక కథ. విజయనగర రాజుల కాలంలో, 14వ శతాబ్దంలో పండమేరు వాగుకు అడ్డంగా కట్టిన చెరువు అది, బుక్కరాయల పేరు మీదే ఊరు. పెద్ద వానకు కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దేవత పలికిందనీ, ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచి వెళ్లిందనీ కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు దీన్నే కావ్యం చేశారు. మీరు మాత్రం కావ్యం నుంచి మాటలు తీసుకోకండి, అది చదివే భాష. ఊరికి వెళ్లిన మొదటి రోజే, కుదిరితే ఇప్పుడే ఫోన్లో, ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కొక్కరిని విడివిడిగా అడిగి కథ చెప్పించుకుని రికార్డ్ చేయండి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే ఒకరి మాట మీదే అందరూ తలూపుతారు. విడిగా అడిగితే ఒకరు వానను గుర్తుపెట్టుకుంటారు, ఇంకొకరు అత్తగారి మాటలను, మరొకరు ఆమె కట్టుకున్న చీర రంగును. ఆట ఆ తేడాల్లోంచే పుడుతుంది. ఇంకో జాగ్రత్త, పేరు విని పిల్లలు కర్ర పట్టుకున్న అవ్వ బొమ్మ గీసేస్తారు. ఆమె వయసులో ఉన్న కోడలని ముందే చెప్పండి.

ముప్పై ఐదు, నలభై నిమిషాలకు మించి ఆడొద్దు. సంప్రదాయ ఆట రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారేదాకా నడిచేది, జనం మధ్యలో కునుకు తీసి లంకాదహనానికి లేచేవాళ్లు. మీ పిల్లలకు, ముందు కూర్చునే చిన్నవాళ్లకు అంత ఓపిక ఉండదు. ఐదు ఘట్టాలు చాలు. వినాయకుడికి, సరస్వతికి ప్రార్థన, తోలుబొమ్మలాటలో జనాన్ని నవ్వించే పాత్రలు కేతిగాడు బంగారక్కల హాస్యం, వాన కురిసి కట్ట బీట గండి కావడం, దేవత పలకడమూ ఇంట్లో మాటలూ, చివరికి కట్ట మీద నడక.

ఆ రెండో ఘట్టం మీద బాగా కష్టపడమని నా సలహా, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. తోలుబొమ్మలాటలో రాముడు రాముడే, ఆయన మాట మారదు. కేతిగాడు, బంగారక్క, ఆమె మొగుడు జుట్టుపోలిగాడు మాత్రం ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి మనుషులైపోతారు. ఆ ఊరి నీళ్ల గొడవ, ఆ ఊరి కరెంటు కోత, అక్కడి టీకొట్టు అన్నీ వాళ్ల నోట్లోంచి వస్తాయి. పాత ఆటలో వాళ్ల సరసం కాస్త మోటుగా ఉంటుంది, మీరు దాన్ని వదిలేసి వాళ్ల గడుసుదనాన్ని ఉంచుకోండి. ముసలమ్మ కథలో వాళ్లకు చోటు సులువుగా దొరుకుతుంది. కేతిగాడిని చెరువుకట్ట కావలివాడిని చేయండి. బంగారక్క బిందె పట్టుకుని నీళ్లకు వస్తుంది.

"కట్ట మీద కావలి ఎవుర్రా?"
"నేనే కదక్కా."
"మరి ఆడ గురక పెడ్తాండేది ఎవురు?"
"అదీ నేనే. కావలి కాసీ కాసీ అలిసిపోయినా."
"కట్టకు బీట పడిందంట, చూసినావా?"
"చూసినా. రేపు పొద్దున్నే పూడుద్దామని పండుకున్నా."

ఇలాంటివి నాలుగు చాలు. జనం నవ్వుతారు, ఆ నవ్వులోనే బీట పడిన సంగతి వాళ్ల చెవిన పడుతుంది. పది నిమిషాల తర్వాత అదే బీట గండి అయినప్పుడు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ ఇంటి యాసలోనే రాయండి, పుస్తక భాష వద్దు. రాసుకున్నది కూడా మాటకు మాట బట్టీ పట్టొద్దు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది గుర్తుంటే చాలు. ఆ రోజు ముందు వరసలో కూర్చున్న మీ చిన్నమామ గారిని కేతిగాడు పేరు పెట్టి పిలిస్తే వచ్చే ఊపు ఏ స్క్రిప్టులోనూ రాదు. అందుకే మాటలను ముందే రికార్డ్ చేసి స్పీకర్లో వేసి, దానికి బొమ్మలు ఊపే పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. పని తేలికవుతుంది, నిజమే. కానీ జనం నవ్వితే ఆగదు, ఒక పిల్ల బొమ్మ జారవిడిస్తే ఆగదు, అటువైపు మనుషులు ఉన్నారన్న సంగతే దానికి పట్టదు.

చివరి ఘట్టం గురించి మీరు భయపడుతున్నారు, భయపడాల్సిన విషయమే. ఒక ఊరిని కాపాడటానికి ఒక కోడలిని బలి ఇచ్చిన కథ ఇది. గొప్ప త్యాగం అని భజన చేసి ముగిస్తే, చూస్తున్న ఆడపిల్లలకు మనం ఏం చెబుతున్నట్టు? అలాగని ముగింపు మార్చి, ఆమె బతికిపోయింది, కట్ట దానంతటదే నిలిచింది అని చెబితే ఊరి కథకు ద్రోహం. నేనైతే రెండూ చేయను. ఇంట్లో మాటలు నడిచే ఘట్టంలో బంగారక్కను లోపలికి తీసుకొస్తాను. అప్పటిదాకా నవ్వించిన బొమ్మ అది, జనానికి చనువు ఏర్పడి ఉంటుంది. ఆమె చేత సూటిగా అడిగిస్తాను. "ఊర్లో ఇంతమంది ఉండగా ఆ పిల్లే ఎందుకు పోవాల? నిద్రపోయింది మొగోడు కదా?" కేతిగాడు తల దించుకుంటాడు. జవాబు ఎవరూ చెప్పరు. ముసలమ్మ తన మాట తను చెప్పి బయల్దేరుతుంది. ఆ మాటలేమిటో మీ ఇంటి ఆడవాళ్లే కూర్చుని రాసుకుంటే బాగుంటుంది. ఆట అయ్యాక పిల్లలు ఈ ప్రశ్న మళ్లీ మిమ్మల్ని అడుగుతారు, అడగనివ్వండి.

ఆమె గండిలోకి దిగడం మాత్రం చూపించకండి. బొమ్మ కింద పడటం, నీళ్లలో మునగడం తెర మీద చిన్నగా, నాసిగా కనిపిస్తుంది, పిల్లలైతే నవ్వేస్తారు కూడా. నీడలాటలో ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. బొమ్మ తెరకు ఆనించి ఉంటే నీడ బొమ్మంతే ఉంటుంది. తెర నుంచి వెనక్కి, దీపం వైపు జరిపేకొద్దీ నీడ పెరుగుతూ పోతుంది. కట్ట మీద నడుస్తున్న ముసలమ్మను తెరకు ఆనించి మధ్యదాకా తీసుకురండి. మామూలు బల్బులు ఆపేసి, వెనక మధ్యలో ఒక పెద్దవాళ్లు ఫోన్ టార్చి వెలిగించి పట్టుకోవాలి. ఆ చిన్న వెలుగుకు నీడ అంచులు మరీ చెదరవు. పాట నడుస్తుండగా బొమ్మను నెమ్మదిగా టార్చి వైపు జరుపుతూ పోతే, ఆమె నీడ కట్టను, నీళ్లను, తెరనంతా కప్పేస్తుంది. అక్కడ నీళ్ల కదలిక ఆపేయండి. చావు చూపించకుండానే ఊరంతా ఆమె నీడలోకి వచ్చినట్టవుతుంది. ఈ ఒక్క ఘట్టాన్ని మిగతా అన్నింటికంటే ఎక్కువసార్లు సాధన చేయండి, టార్చి పట్టుకునేవాళ్ల చెయ్యి వణికితే అంతా పాడవుతుంది.

ఇప్పుడు బొమ్మలు. అసలు తోలుబొమ్మ ఇంట్లో చేసుకునేది కాదు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఎండబెడితే కాంతి దూరేంత పలచగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో నగలకు, చీర అంచులకు చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేసి, చేతులు, కాళ్లు విడిగా చేసి దారంతో ముడేస్తారు. ఒక మనిషి ఎత్తు బొమ్మకు ఒక తోలు సరిపోదు. తోలులోంచి కాంతి దూరుతుంది కాబట్టి మనది నల్లటి నీడ కాదు, తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు వెలిగే రంగుల నీడ. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట మీకు దూరం కాదు, పండక్కి ముందు ఒక పూట పిల్లలను తీసుకువెళ్లండి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ చాలా కుటుంబాలకు తిండి పెడుతున్నది ఆట కంటే ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలే. పిల్లలు ఉలి దెబ్బ ఎలా పడుతుందో కళ్లారా చూస్తే, ఇంటికొచ్చాక వాళ్లు కత్తిరించే తీరే మారిపోతుంది.

కొనాలనుకుంటే ఒక్క బొమ్మ కొనండి, అది కేతిగాడో బంగారక్కో అయితే ఇంకా మంచిది, ఏ కథకైనా పనికొస్తుంది. తయారుచేసినవాళ్ల దగ్గరే కొనండి, లేదా లేపాక్షి ఎంపోరియంలో. గోడకు తగిలించడానికి చేసినవాటికి కీళ్లు ఉండకపోవచ్చు, ఆడించడానికి కావాలని ముందే చెప్పండి. పాత జింకతోలు బొమ్మలు అని ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. ఒకప్పుడు దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లు గానీ, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ అమ్మకం కొనుగోళ్లు నేరం.

మిగతా బొమ్మలు ఇంట్లో చేసేయొచ్చు. నాకు బాగా కుదిరిన పద్ధతి నూనె కాగితం. మందపాటి డ్రాయింగ్ షీటు మీద బొమ్మ గీసి, స్కెచ్ పెన్నులతోనో నీటిరంగులతోనో ముదురుగా రంగులు వేసి, బాగా ఆరాక వెనకవైపు నుంచి దూదితో కొబ్బరినూనె రాయాలి. ఒకటి రెండు రోజులు పాత పేపర్ల మధ్య ఉంచి మిగులు నూనె తుడిచేస్తే కాగితంలోంచి వెలుతురు దూరుతుంది, రంగులు తెర మీద వెలుగుతాయి. బయట మామూలుగా చూస్తే వెలిసినట్టుంటాయి, పిల్లలు నిరాశపడకుండా ఒక బల్బు ముందు పెట్టి చూపించండి. నూనె కాగితం కాబట్టి నిప్పుకు, వేడెక్కే బల్బుకు దూరంగా ఉంచాలి. అంత ఓపిక లేకపోతే ఆఫీసు ఫైళ్లకు వాడే పాలరంగు ప్లాస్టిక్ షీట్లు కొని పర్మనెంట్ మార్కర్లతో రంగులేయండి, అవి గట్టిగా ఉంటాయి, కాకపోతే చిల్లులు కొట్టడం కష్టం. నగలకు, పైట అంచుకు పేపర్ పంచ్‌తోనో, దబ్బనంతోనో చిల్లులు కొట్టడం మాత్రం మానొద్దు, ఆ చుక్కల వెలుగే బొమ్మకు అందం.

6 అడుగుల తెరకు అడుగున్నర ఎత్తు బొమ్మలు సరిపోతాయి. ముసలమ్మ, మామ, అత్త, భర్త, కేతిగాడు, బంగారక్క, దేవత, ఊరి జనం ఒక గుంపుగా ఒకే బొమ్మ, ఒక వినాయకుడు, అంతే. ముఖాలన్నీ పక్కవాటుగా గీయించండి, ముక్కు, గడ్డం స్పష్టంగా తెలియాలి. ఎదురుగా చూసే ముఖం నీడలో గుండ్రటి మచ్చలా ఉంటుంది. అన్ని బొమ్మలకూ అన్ని కీళ్లూ అక్కర్లేదు. ముసలమ్మకు ఒక చెయ్యి కదిలితే చాలు. కేతిగాడికి మాత్రం రెండు చేతులు, నడుము, కాళ్లు అన్నీ కదలాలి, వాడి ఒంట్లో స్థిరం ఉండకూడదు. కీలు దగ్గర రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి దబ్బనంతో చిల్లి పొడిచి, మందపాటి దారం దూర్చి రెండు వైపులా ముడి వేయండి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, మరీ వదిలేస్తే వేలాడుతుంది. బొమ్మ మధ్యలో తల నుంచి నడుము కిందిదాకా ఒక వెదురు బద్ద కట్టి, పట్టుకోవడానికి కింద జానెడు వదలండి. చేతికి సన్నటి బద్ద వేరేగా ఉండాలి. చీపురు పుల్లలు వంగిపోతాయి, పనికిరావు.

తెర సంగతి. పలచటి తెల్ల నూలు పంచె తీసుకోండి, కట్టేముందు ఇస్త్రీ చేయండి, మడతలు దీపం వెలుగులో గీతల్లా కనిపిస్తాయి. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు చాలు. పైనా కిందా వెదురు గడలు దూర్చి రెండు గుంజలకు బిగించండి. పై గడ కింది గడ కంటే నాలుగైదు అంగుళాలు జనం వైపు ముందుకు ఉండేలా కడితే తెర కొద్దిగా వాలుతుంది, అప్పుడు బొమ్మ దానికి ఆని నిలుస్తుంది, పిల్లల చేతులు త్వరగా నొప్పి పుట్టవు. కళాకారులు కదలని బొమ్మను ముల్లుతో తెరకు గుచ్చేసి, మిగతా బొమ్మలతో ఆట నడిపిస్తారు. మీరూ ఆ పని చేయొచ్చు, గుండుసూదులతో అయినా సరే. తెర కింది నుంచి నేల దాకా నల్ల కంబళి కట్టండి, పిల్లల కాళ్లు, తలలు కనబడకుండా. తెర పైన కూడా ఒక నల్లటి గుడ్డ అడ్డంగా ఉండాలి, ఎందుకో దీపం దగ్గర చెప్తాను.

ఆరుబయట మీ అసలు ఇబ్బంది గాలి. జనవరి సాయంత్రాల్లో మీ వైపు గాలి తెరను తెరచాపలా ఊదేస్తుంది. ఇంటి గోడో గడ్డివామో గాలిని ఆపే వైపు తెర వెనక భాగం ఉండేలా చోటు చూసుకోండి, కింది గడను మేకులు పాతి నేలకు కట్టేయండి. రాళ్లు వేలాడదీస్తే సరిపోదు, అవి ఊగి తెరను ఇంకా కదుపుతాయి. చోటు ఎంచుకునేటప్పుడు అదే వేళకు వెళ్లి చూడండి. పగలు బాగున్న చోటే రాత్రి వీధిలైటు సరిగ్గా తెర మీద పడుతుంటుంది. క్యాలెండర్లో తిథి కూడా చూడండి, నిండు వెన్నెల ఉంటే రంగులు సగం పోతాయి. శివరాత్రి జాగారానికి తోలుబొమ్మలాట కట్టించేవాళ్లు కదా, అది అమావాస్యకు ముందు రోజు, చిమ్మచీకటి. ఆరున్నర తర్వాత బాగా చీకటి పడుతుంది, ఏడుకు మొదలుపెడితే చిన్నవాళ్లు నిద్రపోకముందే అయిపోతుంది.

దీపాలు ఒకప్పుడు ఆముదానివి, తర్వాత పెట్రోమాక్స్, ఇప్పుడు కరెంటు బల్బులు. ఆముదం దీపాలు పెడదామని మీ ఇంట్లో ఎవరికైనా అనిపించొచ్చు. పిల్లలు, నూనె కాగితాలు, గాలికి ఊగే గుడ్డ ఉన్న చోట వద్దే వద్దు. పసుపు వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు తీసుకోండి. తెల్లటి వెలుగు బొమ్మల రంగులను పాలిపోయేలా చేస్తుంది, పురుగులను కూడా ఎక్కువ లాగుతుంది. బల్బులు ఆడించేవాళ్ల వెనక ఉంటే వాళ్ల తలల నీడలు తెర మీద పడతాయి. అందుకే వాళ్లకూ తెరకూ మధ్యలో, తెర పై అంచు కంటే కాస్త ఎత్తులో, అడుగున్నర, రెండడుగులు వెనక్కి వేలాడదీయండి. తెర పైన నల్ల గుడ్డ అడ్డం పెట్టమన్నది ఇందుకే, లేకపోతే కింద కూర్చున్నవాళ్ల కళ్లలో బల్బు పొడుస్తుంది. వైర్లు పిల్లలు నడిచే దారిలో లేకుండా పైనుంచి తీసుకురండి, అతుకుల దగ్గర టేపు చుట్టండి, మంచు పడి నేల తడిసే వేళ అది. స్విచ్ బోర్డు బాధ్యత ఒక పెద్దవాళ్లదే.

చప్పుడు లేకపోతే వానా వరదా నమ్మశక్యంగా ఉండవు. చేటలో జొన్నలు పోసి అటూ ఇటూ నెమ్మదిగా వాలిస్తే చినుకుల చప్పుడు, వేగం పెంచితే జడివాన. పాత రేకు ముక్కను ఊపితే ఉరుము. బొమ్మలాట కళాకారులు కాళ్ల కింద చెక్క పలకలు పెట్టుకుని, యుద్ధం వచ్చినప్పుడు తొక్కుతారు. మీరూ రెండు చెక్కలు పెట్టుకుంటే జనం కట్ట మీదికి పరుగెత్తే ఘట్టం అదిరిపోతుంది. హార్మోనియం, మద్దెల వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే అదృష్టమే, లేకపోతే తాళాలు, గజ్జెలు చాలు. నీళ్లకు నీలం షిఫాన్ చున్నీ తెర కింది భాగంలో ఆనించి ఇద్దరు పిల్లలు రెండు కొసలూ పట్టుకుని ఊపితే సరి. మైకు ఒక్కటే పెట్టండి, తెర వెనక మధ్యలో వేలాడదీసి. చేతికి ఒక్కో మైకు ఇస్తే బొమ్మ ఎవరు పట్టుకుంటారు? ముప్పై నలభై మందే అయితే మైకు లేకుండా గొంతు వేసుకునే ప్రయత్నం చేయండి, అందం ఎక్కువ.

రెండు నెలలు అన్నారు కదా. మొదటి రెండు వారాలు కథ సేకరించి, ఘట్టాలు ఖాయం చేసి, గొంతులు పంచండి. వేర్వేరు ఊళ్లలో ఉన్నారు కాబట్టి ఆదివారాలు వీడియో కాల్లో మాటల సాధన చేయొచ్చు, దానికి బొమ్మలు అక్కర్లేదు. ఎవరి బొమ్మ వాళ్లు తమ ఇంట్లోనే చేసుకోవాలి, కొలత మాత్రం అందరికీ ఒకటే పంపండి, లేకపోతే అత్త కంటే కోడలు రెండింతలు ఉంటుంది. ఊర్లో కలిసాక కనీసం మూడు సాయంత్రాలు చీకట్లో తెర కట్టి ఆడించండి. ప్రతిసారీ ఒక పిల్లనో పిల్లవాణ్నో ముందుకు పంపి చూడమనండి. తెర వెనక నుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, ముందునుంచి చూసినవాళ్లే కేతిగాడి కాళ్లు నేలకు జానెడు పైన తేలుతున్నాయని చెప్పగలరు.

చివరగా ఒక అభ్యర్థన. డబ్బు పెట్టగలిగే కుటుంబమైతే, ఇదే కళ్లంలో మరో రాత్రి నిమ్మలకుంట నుంచి ఒక కుటుంబాన్ని పిలిపించి అసలు ఆట కట్టించండి. సుందరకాండో, విరాటపర్వమో. విరాటపర్వం చదివితే, ఆడితే వానలు పడతాయని మనవైపు పెద్దల నమ్మకం, వాళ్లు ఆ ఆటను ఇష్టంగా ఆడతారు. మీ పిల్లల ఆట ముందు రోజు, వాళ్లది మర్నాడు పెట్టుకోండి. తాము తెర పట్టుకుని తంటాలు పడిన పిల్లలకు ఆ చేతుల్లో ఏముందో అర్థమవుతుంది. డబ్బు ఎంతో ముందే మాట్లాడుకుని, ప్రయాణం, భోజనం, పడక ఖర్చు వేరేగా చూసుకోండి. కొంత అడ్వాన్సు ఇవ్వండి. వాళ్లు ఒక్కరు రారు, ఇంటిల్లిపాదీ మద్దెలతో, బొమ్మల పెట్టెతో వస్తారు, అరగంట చాలు ఫోటోల కోసం అని పిలిచి పంపేయకండి, కనీసం మూడు గంటలు ఆడనివ్వండి. గోదావరి వైపు నుంచి ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, కాకినాడ దగ్గర మాధవపట్నంలోనూ ఈ కళాకారులు ఉన్నారు. తెలంగాణవాళ్లకు జనగామ వైపు కొయ్యబొమ్మలాట ఉంది, అది తెర మీద నీడ కాదు, దారాలతో ఆడించే కట్టె బొమ్మలు, ఆ అమరిక వేరు.

కేతిగాడి కీళ్లు చాలామందికి మొదటిసారి కుదరవు. నడుము దగ్గర బొమ్మ మడతపడుతుంటే మధ్య బద్దను బొమ్మకు నడుము వరకే కట్టి, కాళ్లను వదులుగా వేలాడనివ్వండి. అప్పటికీ కుదరకపోతే ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను. ముసలమ్మ చెప్పే చివరి మాటలు మీ ఇంటి ఆడవాళ్లు రాశాక, వాళ్లకు అభ్యంతరం లేకపోతే అవీ పెట్టండి, చదవాలని ఉంది.